డాబా మీద డెక్స్టర్ గోర్డన్: మనవాళ్ళకి ఒక జాజ్ సాయంత్రం పెట్టడం ఎలా

నేను మొదటిసారి జాజ్ సాయంత్రం పెట్టినప్పుడు మా మొట్టమాడి (డాబా) మీదికి ఇరవై ఏడు మంది వచ్చారు. నలభై నిమిషాలయ్యేసరికి తొమ్మిది మంది మిగిలారు. ఆ తొమ్మిదిలో ఇద్దరు మా ఇంటివాళ్ళు, ఒకాయన కుర్చీలోనే నిద్రపోయాడు. తప్పు నేను వినిపించిన డెక్స్టర్ గోర్డన్‌ది కాదు, నాదే. ఈయన అమెరికన్ జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు, యూరప్ వెళ్ళి ఏళ్ళ తరబడి ఉండిపోయినవాడు. "1923 ఫిబ్రవరి 27న లాస్ ఏంజెలెస్‌లో జన్మించారు" అంటూ కాగితం చూసి మొదలుపెట్టాను, స్కూల్లో గాంధీ జయంతి ఉపన్యాసంలాగా. నేను ఆయన్ని యూరప్ విమానం ఎక్కించేలోపు జనం మెట్లు దిగిపోయారు.

ఏడాది తర్వాత మళ్ళీ పెట్టాను. అదే మనిషి, దాదాపు అవే పాటలు. ఈసారి మైకు కట్టేసే దాకా ఎవరూ లేవలేదు. ఈ రెండిటి మధ్యా నేను మార్చినవేమిటో చెప్తాను. మీ అపార్ట్‌మెంట్లోనో, ఆఫీసులోనో, మీకిష్టమైన విదేశీ సంగీతకారుణ్ణి మనవాళ్ళకి పరిచయం చేద్దామని మీకుంటే పనికొస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది నెల్లూరు జిల్లా. చెన్నై పెరంబూరు వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. కోచ్ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. సరిగమలు కూడా వరసగా పాడలేను. మేం మొదట అద్దెకున్న ఇంటి పక్కన ఒక ఆంగ్లో ఇండియన్ అంకుల్ ఉండేవాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో బ్యాండు వాయించేవాడట. ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్ళిపోతూ నాకొక ప్రెజర్ కుక్కరూ, ఒక క్యాసెట్టూ ఇచ్చి వెళ్ళాడు. క్యాసెట్టు మీద బాల్‌పెన్నుతో "డెక్స్, పారిస్" అని రాసి ఉంది, అంతే. కుక్కర్ ఎప్పుడో పోయింది. ఆ డెక్స్ ఎవరో తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. అప్పటిదాకా డెక్స్ అనేది బ్యాండు పేరనుకున్నాను.

ముందు పాట, తర్వాతే మనిషి

పుట్టుకతో మొదలుపెట్టొద్దు. అసలు మాటతోనే మొదలుపెట్టొద్దు. అందరూ కూర్చోగానే "చీజ్ కేక్" పెట్టండి. 1962 ఆగస్టు 27న రికార్డు చేసిన "గో" అనే ఆల్బమ్‌లో మొదటి పాట అది. ఆరున్నర నిమిషాలు. ఎవరు వాయిస్తున్నారో, ఏ ఊరో ఏమీ చెప్పకండి. మైనర్ స్కేల్లో, అంటే కాస్త దిగులు పలికే స్వరాల వరసలో, సాగే రాగం, నడకలో దాచిపెట్టిన తొందర. మనవాళ్ళ చెవికి వెంటనే అందుతుంది. అది అయ్యాక ఒక్క ప్రశ్న వేయండి: "ఇది ఏ వాయిద్యం?"

చెన్నైలో ఈ ప్రశ్నకి జవాబు రెడీగా ఉంటుంది. "కద్రి గోపాలనాథ్ వాయించేది కదండీ" అంటారు. మీ పని సగం అయిపోయినట్టే. నాదస్వరం వాయించే తండ్రికి పుట్టిన పిల్లవాడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ చూసి, దాని మీద కర్ణాటక సంగీతం పలికించడం మన సభలన్నీ విన్నాయి. శాక్సఫోన్‌లో ఆయనది ఆల్టో రకం, డెక్స్టర్‌ది టెనర్ రకం. టెనర్ పెద్దది, గొంతు కింద, మగవాడు గదిలో తలుపేసుకుని మాట్లాడినట్టుంటుంది. ఈ తేడా నోటితో చెప్పేకన్నా, ఫోన్‌లో కద్రి గారి ఆలాపన అర నిమిషం వినిపించి, మళ్ళీ డెక్స్టర్‌ని పావు నిమిషం వినిపించండి. పిల్లలు కూడా పట్టేస్తారు.

ఇక్కడే ఇంకో మాట వేసుకోవచ్చు. శాక్సఫోన్‌ని తయారుచేసినవాడు అడోల్ఫ్ సాక్స్, బెల్జియం మనిషి. 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. అంటే మన కథలో అమెరికా వాడు యూరప్ వెళ్ళాడు గానీ, ఆయన చేతిలోని వాయిద్యం మాత్రం పుట్టింటికి వెళ్ళింది. ఈ మాటకి మా పిన్ని ఒకావిడ గట్టిగా నవ్వింది. జనం మనవైపు ఉన్నారని నాకు అప్పుడే ధైర్యం వచ్చింది.

స్పీకర్ సంగతి

ఇది చిన్న విషయమే గానీ మొదటిసారి నా కొంప ముంచింది ఇదే. అద్దెకి తెచ్చిన మైక్ సెట్‌లో ఒక పక్క పలకలేదు. మామూలు సినిమా పాటైతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ 1960ల మొదట్లో వచ్చిన స్టీరియో జాజ్ రికార్డుల్లో వాయిద్యాలని విడదీసి, శాక్సఫోన్ ఒక పక్కకీ డ్రమ్స్ ఇంకో పక్కకీ పెట్టేసేవాళ్ళు. మా దగ్గర శాక్సఫోన్ ఉన్న పక్క చచ్చిపోయింది. డ్రమ్స్ దడదడలాడుతున్నాయి, అసలు మనిషి మాత్రం పక్క వీధిలోంచి వాయిస్తున్నట్టు వినబడ్డాడు. "ఏదండీ మీ శాక్సఫోను?" అని ఒకాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మందు తేలిక. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట మోనో ఆడియో అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే రెండు పక్కల శబ్దమూ కలిసి వస్తుంది, ఒక స్పీకరే పలికినా అన్నీ వినిపిస్తాయి. ముందురోజు రాత్రి పరీక్ష చేసుకోండి. ఇంకొకటి, చేతిలో పట్టేంత బ్లూటూత్ స్పీకర్‌తో డాబా మీద చెయ్యొద్దు. బేస్, అంటే కింది స్థాయిలో మోగే పెద్ద తీగవాద్యం, వినపడదు. జాజ్‌లో బేస్ వినపడకపోతే తంబూరా, మృదంగం రెండూ లేని కచేరీ విన్నట్టే.

రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ ఆపాలి, కాబట్టి ఏడున్నరకల్లా మొదలుపెట్టండి. బజ్జీలు చివర్లో పెట్టండి. మధ్యలో పెడితే నిదానంగా సాగే పాటంతా కరకరల్లో పోతుంది.

చిటికెలు వేయించండి

నన్నడిగితే సాయంత్రం మొత్తంలో అన్నిటికన్నా విలువైన పది నిమిషాలివి. డెక్స్టర్ గోర్డన్ గొప్పతనం ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్కటే చెప్తాను: ఆయన ఆలస్యంగా వస్తాడు. ప్రతి స్వరమూ దెబ్బ మీద పడాల్సిన చోట పడదు, కాస్త వెనక పడుతుంది. తాళం తప్పదు, తడబాటు ఉండదు, అయినా ఎప్పుడూ ఓ అడుగు వెనకే. పెళ్ళిలో చివరి బంతికి వచ్చినా, తన కోసం విస్తరి వేసే ఉంచుతారని తెలిసిన పెద్దమనిషి నడక అది. ఆరడుగుల ఆరంగుళాల మనిషికి ఆ నడక బాగా నప్పింది.

ఇది మాటల్లో చెప్తే ఎవరికీ అర్థం కాదు, చేత్తో చేయించాలి. పాట పెట్టి అందరినీ చిటికెలు వెయ్యమనండి. ఆది తాళం అలవాటైన మన చెయ్యి ఒకటో దెబ్బ మీదే పడుతుంది. జాజ్‌లో చిటిక రెండు మీదా నాలుగు మీదా వెయ్యాలి. దానికో గుర్తుంది. డ్రమ్స్‌లో కాలితో తొక్కితే మూసుకునే రెండు రేకులుంటాయి, హై హ్యాట్ అంటారు. అది "చిక్" మన్నప్పుడల్లా చిటిక వెయ్యమనండి. రెండు నిమిషాల్లో కుదురుతుంది. ఒకరిద్దరికి కుదరదు, వాళ్ళని వదిలెయ్యండి.

చిటికెలు సరిగ్గా పడుతున్నప్పుడు, ఇప్పుడు శాక్సఫోన్ వినండి అనండి. మన చిటికె ముందు, ఆయన స్వరం వెనక. మధ్యలో వెంట్రుకంత ఖాళీ. మొదట ఎవరో ఒకరికి తెలుస్తుంది, "ఆ!" అంటారు. తర్వాత అందరికీ అదే వినబడుతుంది.

మా రెండో అంతస్తులో మృదంగం నేర్పే ఒక మాస్టారున్నారు. ఆయన వెంటనే "ఇది అనాగతమా?" అన్నారు. మంచి ప్రశ్న, మీకూ ఎదురు కావచ్చు కాబట్టి చెప్తున్నాను. కాదు. మన అనాగత ఎడుపులో (ఎత్తుగడలో) పాట తాళం తర్వాత ఎంత దూరంలో మొదలవుతుందో లెక్క ఉంటుంది. అర అక్షరమో, ముప్పావో, వాయించే అందరికీ తెలుసు. ఇక్కడ లెక్క లేదు. పాట మొదలు మాత్రమే కాదు, వాక్యం మొత్తం వెనక్కి వాలుతుంది. బేస్, డ్రమ్స్ వాళ్ళు ఆయన కోసం ఆగరు. ఆగారో, పాట మొత్తం కుంగిపోతుంది. వాళ్ళు గోడలా నిలబడితేనే ఆయన ఆనుకోగలడు. ఇది విని మాస్టారు "అయితే పక్కవాద్యం గట్టిది కావాలి" అన్నారు. డెక్స్టర్ యూరప్ జీవితం మొత్తానికి తాళం చెవి ఆ మాటే. నేను కొన్నేళ్ళు విన్నాక తెలుసుకున్నది ఆయన ఒక్క పాటలో చెప్పేశారు.

జీవితం చెప్పేటప్పుడు

ఇప్పుడు మనిషి గురించి చెప్పొచ్చు, కానీ ఏడెనిమిది నిమిషాలకి మించొద్దు. నేను చెప్పింది ఇది.

నాన్న డాక్టరు, లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉన్న రోజుల్లో. పేరున్న జాజ్ బ్యాండు నాయకులు డ్యూక్ ఎల్లింగ్టన్, లయొనెల్ హాంప్టన్ ఆయన పేషంట్లు. అబ్బాయి పదమూడేళ్ళకి క్లారినెట్, పదిహేనుకి ఆల్టో, పదిహేడుకి టెనర్ పట్టాడు. ఆ పదిహేడేళ్ళకే, 1940 చివర్లో, హాంప్టన్ బ్యాండులో చేరిపోయాడు. మనలో ఇంటర్ ఫెయిలైనవాళ్ళు ఆ వయసులో ఏం చేస్తున్నారో గుర్తుతెచ్చుకోండి అన్నాను. మా తమ్ముడు కిందికి చూశాడు.

1947లో వార్డెల్ గ్రే అనే ఇంకో టెనర్ వాద్యకారుడితో కలిసి "ది చేజ్" రికార్డు చేశాడు. పాతకాలం 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు, ఒకే పాట రెండు పక్కలా సాగుతుంది. ఇద్దరూ వంతులవారీగా వాయిస్తారు. పోనుపోను వంతు చిన్నదవుతుంది. ఇది మాత్రం తప్పకుండా వినిపించండి. కచేరీలో తాళవాద్యాలే వాయించే తని ఆవర్తనంలో, వంతులు తగ్గించుకుంటూ పోయే కురైప్పు విన్న చెవికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

1950లు చెడ్డకాలం. మత్తుమందు, జైలు. ఇక్కడ ఒక్క నిమిషం చాలు. మనవాళ్ళకి ఈ భాగం ఎక్కువ చెప్తే మిగతాదంతా మర్చిపోయి ఇదే గుర్తుపెట్టుకుంటారు. ఒక్క విషయం మాత్రం వివరించండి. అప్పట్లో న్యూయార్క్‌లో మద్యం అమ్మే చోట వాయించాలంటే పోలీసులిచ్చే క్యాబరే కార్డు కావాలి. మత్తుమందు కేసున్నవాడికి అది దొరికేది కాదు. డెక్స్టర్ స్టూడియోలో రికార్డు చెయ్యొచ్చు, ఆ రికార్డు ఊరంతా అమ్ముకోవచ్చు, కానీ క్లబ్బులో నిలబడి వాయించడానికి లేదు. ఆ కార్డు పద్ధతి 1967 దాకా నడిచింది. 1962లో లండన్‌లో రోనీ స్కాట్స్ క్లబ్బు నుంచి పిలుపొస్తే మనిషి ఎందుకు వెళ్ళాడో ఇక వేరే చెప్పాలా? కొన్నాళ్ళ టూర్ అని బయల్దేరినవాడు పద్నాలుగేళ్ళు ఉండిపోయాడు, కొంత పారిస్‌లో, ఎక్కువ డెన్మార్క్‌లోని కోపెన్‌హేగెన్‌లో.

"పాపం" అననివ్వకండి

ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది. అమెరికా నుంచి యూరప్ వెళ్ళిన జాజ్ వాళ్ళ కథని అందరూ ఒకే బాణీలో చెప్తారు: సొంత దేశం ఆదరించలేదు, పరాయి దేశంలో మంచులో ఒంటరిగా, చేతిలో గ్లాసుతో... నేను కూడా మొదటిసారి అలాగే చెప్పాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నేనే ఇంటికెళ్ళి సిగ్గుపడ్డాను. ఎందుకంటే రికార్డుల్లో వినబడేది అది కాదు.

కోపెన్‌హేగెన్‌లో జాజ్‌హూస్ మోమార్త్ అని ఒక క్లబ్బు. అక్కడ డెక్స్టర్‌కి దొరికింది ఒక రాత్రి కచేరీ కాదు, వారాల తరబడి అదే వేదిక. పక్కవాద్యాలు కూడా మారవు. పియానో తెతె మొంతొలియు, బార్సిలోనావాడు, పుట్టుకతో చూపు లేదు. డ్రమ్స్ అలెక్స్ రీల్, అక్కడి డేనిష్ కుర్రాడు. బేస్ నీల్స్ హెనింగ్ ఓర్‌స్టెడ్ పెడర్సన్. ఇతను 1946లో పుట్టాడు, అంటే 1964 వేసవిలో పద్దెనిమిదేళ్ళు. అంతకు ముందే కౌంట్ బేసీ అంతటి అమెరికన్ బ్యాండు నాయకుడు తన బ్యాండులోకి రమ్మంటే వెళ్ళలేదు. మా మృదంగం మాస్టారు చెప్పిన గోడ ఇదే. రోజూ అదే గోడకి ఆనుకునేవాడికి ఎంత దూరం వాలొచ్చో ఒంటికే తెలిసిపోతుంది.

ఆ 1964 వేసవిలో మోమార్త్‌లో డేనిష్ రేడియో చేసిన రికార్డింగులు ఉన్నాయి. తర్వాత స్టీపుల్‌చేజ్ అనే డేనిష్ కంపెనీ వాటిని విడుదల చేసింది. వాటిలో "చీజ్ కేక్" మళ్ళీ ఉంది. ఇప్పుడు దాన్ని పెట్టండి. సాయంత్రం మొదట్లో విన్న పాటే, రెండేళ్ళ తర్వాత, ఇంకో ఊళ్ళో. స్టూడియోలో ఆరున్నర నిమిషాల్లో ముగించినవాడు ఇక్కడ తీరిగ్గా సాగదీస్తాడు. ఇల్లు కట్టుకున్నవాడి ధీమా ఉంటుంది ఆ వాయించడంలో. పోల్చి వినమనండి, అంతే. మీరేమీ విశ్లేషించక్కర్లేదు.

నేను ముప్పై ఎనిమిదేళ్ళు పెరంబూరులో ఉన్నాను. నన్ను చూసి నెల్లూరు పోగొట్టుకున్నాడని ఎవరైనా ఏడుస్తారా? ఏడిస్తే నాకు నవ్వొస్తుంది. అలాగని అక్కడ అంతా పూలబాటేనని కూడా చెప్పకండి. మత్తు అలవాటుని ఎయిర్‌పోర్టులో వదిలేసి ఆయన విమానం ఎక్కలేదు.

కోపెన్‌హేగెన్‌లో ఇప్పుడు డెక్స్టర్ గోర్డన్ పేరుతో ఒక వీధి ఉంది, బెన్ వెబ్‌స్టర్ పేరుతో ఇంకొకటి. బెన్ వెబ్‌స్టర్ ఇంకా పెద్దతరం టెనర్, ఈయన కూడా యూరప్ వెళ్ళి మళ్ళీ అమెరికా రాలేదు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పోతే చితాభస్మం కోపెన్‌హేగెన్ శ్మశానంలో ఉంచారు. కుర్రాళ్ళు కూర్చుని ఉంటే ఇంకో అస్త్రం ఉంది: మెటాలికా బ్యాండు డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్‌కి జ్ఞానపిత, అంటే గాడ్‌ఫాదర్, డెక్స్టర్ గోర్డన్. లార్స్ నాన్న డేనిష్ టెన్నిస్ ఆటగాడు, జాజ్ పిచ్చివాడు. ఇది చెప్పేదాకా ఫోన్‌లోంచి తల ఎత్తని మా మేనల్లుడు, చెప్పాక కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

పారిస్ క్యాసెట్

నా క్యాసెట్టులో ఉన్నది "అవర్ మ్యాన్ ఇన్ పారిస్" అనే ఆల్బమ్. 1963 మే 23న, పారిస్‌లో. పియానో బడ్ పవెల్, డ్రమ్స్ కెన్నీ క్లార్క్. ఇద్దరూ అప్పటికే పారిస్‌లో కాపురం పెట్టిన అమెరికన్లు. బేస్ పియేర్ మిషెలో, ఫ్రెంచివాడు. కొత్త పాటలు వాయిద్దామని మొదట అనుకున్నారట. బడ్ పవెల్ కొత్తవి ఒప్పుకోలేదు. సరే, అందరికీ వచ్చినవే వాయిద్దామన్నారు. ఆ మొండితనం వల్లే ఇంత మంచి రికార్డు వచ్చిందని నాకనిపిస్తుంది. నోట్లో నానిన పాట అయితే మనిషి బయటపడతాడు.

దీంట్లో మొదటి పాట "స్క్రాపుల్ ఫ్రమ్ ది ఆపుల్". శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ కట్టినది. దీనితో జనంచేత ఒక ఆట ఆడించొచ్చు. జాజ్ పాటల్లో చాలావాటికి 32 బార్ల (ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు) చట్రం ఉంటుంది: ఎనిమిది బార్ల భాగం, మళ్ళీ అదే, తర్వాత వేరే ఎనిమిది, చివర మళ్ళీ మొదటిదే. ఆ మూడోదాన్ని బ్రిడ్జ్ అంటారు. చరణంలోకి అడుగుపెట్టి మళ్ళీ పల్లవికి వచ్చినట్టు. బ్రిడ్జ్ వచ్చినప్పుడు చెయ్యెత్తమనండి. మొదటి రెండుసార్లు మీరు ఎత్తి చూపించండి. మూడోసారికి పిల్లలు మీకన్నా ముందే ఎత్తుతారు. మనోధర్మం సాగుతున్నప్పుడు కూడా ఈ చట్రం తిరుగుతూనే ఉంటుందని, వాద్యకారుడు దాని మీదే అల్లుతున్నాడని చేతులే చెప్తాయి. ఈ పాట చాలా స్పీడు, కాబట్టి కంగారుపడొద్దు. నేనే రెండుసార్లు తప్పెత్తాను.

డెక్స్టర్ వాయిస్తూ వాయిస్తూ మధ్యలో సంబంధం లేని పాట ముక్క ఒకటి దూర్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అసలు దారికి వస్తాడు. హరికథలో దాసుగారి పిట్టకథలాగా. ఏ ముక్క ఎక్కడిదో మనకి తెలియకపోయినా, మనిషి కొంటెగా నవ్వుతున్నాడని తెలుస్తుంది.

దండెం పాట

చివరికి బాలడ్. నిదానంగా సాగే పాటని అలా అంటారు. డెక్స్టర్ వేదిక మీద బాలడ్ వాయించే ముందు మైకు దగ్గరికొచ్చి ఆ పాటలోని మాటల్ని వచనంలా, ఆ కింది గొంతుతో, నింపాదిగా చెప్పేవాడు. తర్వాతే వాయిద్యం నోట పెట్టుకునేవాడు. పాట మాటలు తెలియకుండా పాట వాయించకూడదన్నది ఆయన తన గురువులా చూసుకున్న టెనర్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ నుంచి తెచ్చుకున్న పట్టింపు.

ఈ సంగతి చెన్నై తెలుగువాళ్ళకి చెప్తే ఒక నిమిషం ఊరుకోవాలి. ఎందుకంటే మనం రోజూ చూసేదే ఇది. మా వీధిలో వయొలిన్ నేర్పే తమిళ మామి ఒకావిడ త్యాగరాజ కృతి కొత్తది మొదలుపెట్టే ముందు నోట్‌బుక్ పట్టుకుని మా ఇంటికొస్తుంది. "అన్నా, ఈ మాటకి అర్థం ఏంటి? ఇక్కడ విరవచ్చా?" అని అడుగుతుంది. పాడేది ఆవిడ కాదు, వయొలిన్. అయినా మాట మధ్యలో విల్లు తిప్పితే అర్థం విరిగిపోతుందని ఆవిడ భయం. కోపెన్‌హేగెన్‌లో ఇంగ్లీషు పాట మాటలు చెప్పిన డెక్స్టరూ, పెరంబూరులో తెలుగు మాటకి అర్థం రాసుకునే మామీ ఒకే పని చేస్తున్నారు. నేను మామిని కూడా పిలిచాను. ఆవిడ ముందు వరసలో కూర్చుంది.

కాబట్టి మీరు కూడా బాలడ్ పెట్టే ముందు పాట అర్థం మన భాషలో, మీ మాటల్లో చెప్పండి. అనువాదం చదవొద్దు. నేను ఎంచుకున్నది "గో" ఆల్బమ్‌లో రెండో పాట. దాని పేరుని తెలుగులో చెప్తే, "నా కన్నీళ్ళని దండెం మీద ఆరేసుకుంటానేమో" అని. మనిషి వదిలి వెళ్ళిపోయింది. స్నేహితులు బయటికి రమ్మంటారు. పనుందని ఏదో సాకు చెప్పి ఇంట్లోనే ఉండిపోతాడు. రోజూ కొత్త సాకు వెతుక్కోవాలి. ఇంతే చెప్పాను.

మొదటి ఏడాది డాబా నీటుగా ఉండాలని మా ఆవిడచేత బట్టలన్నీ తీయించాను. రెండో ఏడాది మూడో అంతస్తు అక్క తన రెండు చీరలు తీయడం మర్చిపోయింది. నాకు కోపం వచ్చింది గానీ, ఆలోపే జనం వచ్చేశారు. పాట పేరు చెప్పగానే అందరి తలలూ ఒకేసారి ఆ దండెం వైపు తిరిగాయి. ఎవరూ నవ్వలేదు. అయిదు నిమిషాల పైచిలుకు పాట. ట్యూబ్‌లైట్ ఆర్పేశాం. దూరంగా లోకల్ ట్రైన్ హారన్. చీరలు మెల్లగా ఊగుతున్నాయి, డెక్స్టర్ ప్రతి స్వరాన్నీ అయిష్టంగా వదులుతున్నాడు. మీరు కావాలని చీరలు కడితే మాత్రం ఇది కుదరదు, నాటకంలా ఉంటుంది. కానీ ఉన్నవి తీయకండి.

ముగించేటప్పుడు

బాలడ్ తర్వాత పెద్ద కథలు వద్దు. 1976 డిసెంబర్‌లో ఆయన న్యూయార్క్ తిరిగొచ్చి విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించిన రికార్డింగులోంచి ఒక ముక్క వినిపించండి. ఆల్బమ్ పేరు "హోమ్‌కమింగ్". యాభై మూడేళ్ళ మనిషి. జనం కేరింతలు రికార్డులోనే వినబడతాయి. ఎవరైనా అడిగితే చెప్పండి, 1986లో ఒక సినిమాలో పారిస్‌లో బతికే అమెరికన్ శాక్సఫోనిస్టుగా నటించి ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడని, 1990లో పోయాడని. అడక్కపోతే వద్దు. సినిమాతో మొదలుపెట్టే వాళ్ళని చూశాను, ఆ తర్వాత జనం పాట వినరు, నటుడి ముఖం కోసం వెతుకుతారు.

వీలుంటే ఒక వీడియో చూపించండి. 1963, 64లో హాలండ్, స్విట్జర్లాండ్, బెల్జియం టీవీల కోసం తీసిన బ్లాక్ అండ్ వైట్ కచేరీలు దొరుకుతాయి. చప్పట్లు మోగుతుంటే డెక్స్టర్ వంగి దండం పెట్టడు. శాక్సఫోన్‌ని రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకుని జనం ముందుకి చాస్తాడు, చప్పట్లు దానివే అన్నట్టు. మామి అది చూసి "మనం వాయిద్యానికి దణ్ణం పెట్టుకుంటాం కదా, అదే" అంది.

పాటల పేర్లు ఆ రాత్రే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టెయ్యండి. తెల్లారితే మర్చిపోతారు. నేను పేర్లు జాగ్రత్తగా, సంవత్సరాలతో సహా టైప్ చేసి పెట్టాను. పొద్దున్నే పాలు తెచ్చుకోవడానికి దిగుతుంటే నిన్న నిద్రపోకుండా విన్న ఆ పాత కుర్చీ పెద్దాయన మెసేజ్ వచ్చింది. "జున్ను కేకు పాట దొరికింది. ఆ దండెం పాట ఏది? మా అల్లుడికి పంపాలి."